బావిలో లేని మనిషి

మా ఊరు శాన్ హిలారియోలో, చెరకు తోటల దొరలు విల్యర్మినో వాళ్ల ఇంటి కథ తెలియని మనిషి లేడు. ఆల్చిప్పల కిటికీలు, వెడల్పాటి కర్రమెట్లు, పెరట్లో సిమెంటు మూత వేసిన బావి. సాయంత్రం పూట ఆ బావిలోంచి ఒక పడుచుపిల్ల పైకొచ్చి, మెట్ల మీద వంగి చెవిపోగులు వెతుక్కుంటుందని నా చిన్నప్పుడే విన్నాను. ఆ పిల్ల పేరు ఎవరూ చెప్పేవారు కాదు. దొంగపిల్ల అనేవారు, అంతే. ఆ ఇంట్లో పని చేస్తూ దొరసాని పచ్చల పోగులు కాజేసిందట, పట్టుబడేసరికి బావిలో దూకిందట. ఆ ఇంటికి వెళ్లిన ఆడవాళ్లు ఒక చెవి పోగు పోగొట్టుకోకుండా తిరిగి రారని మా అమ్మ గట్టిగా నమ్మేది. ఆ వీధిలోకి మలుపు తిరగ్గానే రెండు పోగులూ తీసి రుమాలులో ముడి వేసుకునేది.

ఆ దొంగపిల్లకి ఒక మేనకోడలు ఉండేది. పేరు ప్రిమితీవా దుమలాగన్. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి నాకూ, నాకంటే చిన్నవాళ్లందరికీ ఆవిడ నాంగ్ టీబా, అంటే టీబా అక్క. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. మైదా ముద్దలో నల్లబెల్లం పొడి కూరి, పల్చగా వత్తి, పెనం మీద కాల్చి పియాయాలు అమ్మేది. మాట తక్కువ. అన్న మాట మీదనుంచి మాత్రం కదిలేది కాదు. నేను చర్చి ఆఫీసులో గుమాస్తాని, బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ చావులూ పుస్తకాల్లో రాయడం నా పని. ఆవిడ పెనం ఒకప్పుడు మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేది. అందుకే ఈ కథ నాకు బాగా తెలుసు.

ఆవిడ తండ్రి అంబ్రోసియో. 1931లో ఆయనకి తొమ్మిదేళ్లు, అక్క సొలెదాద్‌కి పంతొమ్మిది. ఇంట్లో సోలింగ్ అని పిలిచేవారు. విల్యర్మినో వాళ్ల చెరకు తోటలోనే వాళ్ల గుడిసె. మే నెలలో ఒకరోజు తోట మేస్త్రి వచ్చి, మీ పిల్ల దొంగ, కనపడటం లేదు అని చెప్పి వెళ్లాడు. వారం తిరక్కుండా పెద్దింట్లో పెరటి బావికి మూత వేయించారు. ఎందుకు వేయించారో ఎవరూ చెప్పలేదు. వాళ్లు చెప్పకపోయేసరికి ఊరు తనకి తోచింది చెప్పుకుంది. నెల తిరిగేలోపు గుడిసె ఖాళీ చెయ్యమన్నారు. కుటుంబమంతా సముద్రం ఒడ్డుకి వెళ్లి వలలు బాగుచేసుకుంటూ బతికింది. బడి వదిలాక మిగతా పిల్లలు ఇళ్లకి పోతుంటే, అంబ్రోసియోని మాత్రం ఆపి జేబులు తిప్పి చూపించమనేవారు. రెండో తరగతితో ఆయన చదువు ముగిసింది.

చనిపోయిన వాళ్ల పండగ నాడు ఆయన అమ్మకీ నాన్నకీ కొవ్వొత్తి వెలిగించేవాడు. సోలింగ్‌కి వెలిగించేవాడు కాదు. శవాన్ని చూడలేదు కదా, చూడకుండా ఎలా వెలిగిస్తాం అనేవాడట. 1988లో పోయేటప్పుడు కూడా ఆయన కూతురికి అప్పగించిన పని అదొక్కటే. అక్క ఆ బావిలో ఉందో లేదో చూడమన్నాడు. సరేనంది టీబా.

ఐదేళ్ల తర్వాత ఆ ఇల్లు జనం చూడటానికి తెరిచారు. వారసుల్లో ఊళ్లో మిగిలింది సెన్యోరిటా నెనీటా ఒక్కరే. పెళ్లి చేసుకోలేదు, పక్కనున్న చిన్న ఇంట్లో ఉండేది. ఇల్లు చూపించడానికి రొదెల్యో అనే కుర్రవాణ్ణి పెట్టింది. మంచి వాక్కు ఉన్నవాడు. మెట్ల మొదట్లో ఒక బెత్తం బుట్ట పెట్టి, పైకెళ్లే ఆడవాళ్లందర్నీ పోగులు తీసి అందులో వెయ్యమనేవాడు. వాళ్లు నవ్వుతూ, కొంచెం భయపడుతూ వేసేవారు. అప్పుడు గొంతు తగ్గించి దొంగపిల్ల కథ మొదలుపెట్టేవాడు. బస్సులు బస్సులుగా జనం దిగేవారు. టీబా పెనం అంతకుముందు నుంచే ఆ ఇంటి గేటు దగ్గర ఉండేది కాబట్టి ఆవిడ పియాయాలూ బాగానే పోయేవి. ఆ కథ లోపల మెట్ల దగ్గర జరిగేది, గేటు దాకా వినిపించేది కాదు.

ఒకరోజు వాన. జనం గేటు పక్క చూరు కింద నిలబడ్డారు. రొదెల్యో అక్కడే కథ ఎత్తుకున్నాడు. దొంగతనం ఆ పిల్ల రక్తంలోనే ఉందని, ఆ కుటుంబమంతా అలాంటిదేనని కొత్తగా ఒక ముక్క కలిపాడు. టీబా పెనం కింద మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, జనం మధ్యలోకి వచ్చి నిలబడింది.

"మా అత్త పేరు సొలెదాద్ దుమలాగన్" అంది. "ఆవిడ దూకుతుంటే నువ్వు చూశావా?"

"నేను అప్పటికి పుట్టనేలేదు కదా, నాంగ్ టీబా."

"మరి పుట్టనివాడివి పుట్టనట్టే ఉండు."

జనం నవ్వారు. రొదెల్యోకి రోషం వచ్చింది. "మీ అత్తే లేకపోతే ఈ ఇంటికి ఎవరొస్తారు? మీ పియాయాలు ఎవరు తింటారు? ఆవిడ పేరు చెప్పుకునే కదా మీరూ బతుకుతున్నారు" అన్నాడు.

టీబా వెళ్లి పెనం కింద మంట ఆర్పేసింది. మర్నాడు పొద్దున్న చూస్తే గేటు దగ్గర పెనం లేదు. బస్టాండు వెనక, మురుగు కాలవ పక్కన పెట్టుకుంది. పన్నెండేళ్ల చోటు వదులుకోవడం ఎందుకని నేను అడిగితే, వాడు అన్నదాంట్లో నిజం ఉంది, అందుకే అంది.

ఆ సోమవారం నుంచి ఆవిడ నెనీటా దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. అడిగింది ఒక్కటే, బావి మూత తీయించమని. మొదటిసారి నెనీటా మర్యాదగానే వద్దంది. పాత కట్టడం, కదిలిస్తే గోడలు జారతాయంది. రెండోసారి ఇంట్లో లేనని చెప్పించింది. టీబా వరండా బల్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతి సోమవారం అంతే. వాన వచ్చినా, తుఫాను హెచ్చరిక వచ్చినా, తన మోకాలు వాచినా. ఊళ్లో జనం ఆవిడనే దయ్యం అనడం మొదలుపెట్టారు. సెన్యోరిటాని పట్టుకున్న సోమవారం దయ్యం అని ఎవరో పేరు పెట్టారు. నేను కూడా ఒకసారి, ఇంక చాలు నాంగ్ టీబా, చనిపోయిన వాళ్ల గురించి బతికున్న వాళ్లతో తగువెందుకు అన్నాను. చనిపోయిందని నీకెవరు చెప్పారు అని అడిగింది.

ఏడాదిన్నర గడిచింది. ఒక సోమవారం నెనీటాయే బయటికి వచ్చి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుందట. నెనీటా అన్న మాటలు టీబా తర్వాత నాకు చెప్పింది.

"నాకు డెబ్బై దాటాయి. ఆ బావి వైపు కిటికీ ఈ జన్మలో నేను తెరవలేదు. మా ఇంట్లో నేనే బిక్కుబిక్కుమంటూ బతికాను. తీయించు. ఏముంటే అది ఇద్దరం చూద్దాం."

1996 ఫిబ్రవరిలో మూత పగలగొట్టారు. పొద్దున్న ఎనిమిదింటికే పెరడంతా జనం. మా చర్చి ఫాదర్ పవిత్ర జలం పట్టుకుని వచ్చాడు, ఆయనకీ చూడాలనే ఉంది. మేస్త్రీలు ఇద్దరు సమ్మెటలతో సిమెంటు కొట్టి, మోటారు పెట్టి నీళ్లు తోడారు. నల్లటి బురద పైకొస్తుంటే ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. టీబా మాత్రం బావి గట్టుకి రెండు చేతులూ ఆనించి కిందికే చూస్తూ ఉంది. తాడు కట్టుకుని దిగిన మనిషి బుట్టలో ఒక్కొక్కటే పంపాడు. పింగాణీ పళ్లేల ముక్కలు, చిల్లు పడిన బకెట్టు, ఒంటి తోలు చెప్పు, తర్వాత కొన్ని ఎముకలు. ఎముకలు కనపడగానే జనం ఒక్కసారి వెనక్కి తగ్గారు. మునిసిపాలిటీ డాక్టరు వాటిని గోనె మీద పరిచి, తిప్పి చూసి, కుక్కవి అన్నాడు. ఇంకా లోపలికి తవ్వించారు. అడుగు రాయి తగిలింది. మనిషి ఎముక ఒక్కటీ లేదు.

ఊరికి నిరాశ కలిగిందంటే నమ్మాలి. దయ్యం ఎముకలు దయ్యమే తీసుకుపోయి ఉంటుందని మా పక్కింటావిడ అంది. నెనీటా వరండాలోకి వెళ్లి కూర్చుని చాలాసేపు లేవలేదు. టీబా బావి దగ్గర్నుంచి తిన్నగా మా ఆఫీసుకి వచ్చింది, బురద కాళ్లతోనే.

"లూర్దెస్, అత్త ఇక్కడ చావలేదు. అంటే ఎక్కడికో వెళ్లింది. వెళ్లిన మనిషి ఎక్కడో తిని ఉంటుంది, ఎక్కడో పడుకుని ఉంటుంది, ఎవరికో తన పేరు చెప్పి ఉంటుంది. నీ పుస్తకాలు తియ్యి."

చావుల పుస్తకాలు మొత్తం చూశాం. 1931 నుంచి నలభై ఏళ్లవి. మూడు వారాలు పట్టింది, చెదలు కొట్టిన కాగితాలు అట్టముక్కతో తిప్పుతూ. సొలెదాద్ పేరు లేదు. నేను నీరసపడ్డాను. ఆవిడ పేరున పూజ చేయిద్దాం, పుట్టిన తేదీ అయినా సరిగా రాద్దామని, 1912 నాటి బాప్తిస్మాల పుస్తకం దించాను. సొలెదాద్ దుమలాగన్, తండ్రి పేరు, తల్లి పేరు అన్నీ ఉన్నాయి. పక్కన అంచులో చిన్న చిన్న అక్షరాలతో, వేరే సిరాతో స్పానిష్‌లో రెండు వరుసలు. 1933 జనవరిలో, సముద్రం అవతల ఆంతీకె జిల్లా సాంత బ్రిహిదా చర్చిలో క్రిస్పులో మగ్బనువా అనే అతనితో పెళ్లి జరిగింది.

మా చర్చిలో బాప్తిస్మం పొందిన మనిషి ఇంకెక్కడ పెళ్లి చేసుకున్నా, అక్కడి ఫాదర్ ఇక్కడికి ఉత్తరం రాస్తాడు, ఇక్కడి వాళ్లు ఆ సంగతి పుట్టిన పేజీ అంచులో ఎక్కిస్తారు. అది నియమం. అలా ఎక్కించిన వాళ్లెవరో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. బావిలో పడి చచ్చిందన్న పిల్ల రెండేళ్ల తర్వాత పెళ్లి చేసుకున్నట్టు మా పుస్తకమే చెబుతోంది. ఆ పుస్తకం పదిహేడేళ్లుగా నా వీపు వెనక బీరువాలో ఉంది, నేను తెరిచి చూడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. టీబాకి స్పానిష్ రాదు. రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి ఆ వరుసల మీద వేలు పెట్టి, "ఇదేనా ఆయన పేరు?" అని అడిగి, కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఆ వారమే బయలుదేరాం. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. సముద్రం మీద ఇలోయిలో పట్నం దాకా పడవ, అక్కడి నుంచి కొండల మధ్య ఆరుగంటలు బస్సు. దారి పొడుగునా టీబా ఒళ్లో పియాయాల డబ్బా పట్టుకునే ఉంది. సాంత బ్రిహిదా చిన్న ఊరు, ఇంటింటికీ మగ్గం. క్రిస్పులో మగ్బనువా వాళ్లెవరని అడిగితే, ఆయన పోయి చాలా ఏళ్లైంది, కూతురు పాసింగ్ ఉందని ఒక ఇల్లు చూపించారు.

పాసింగ్‌కి అరవై దాటాయి. మగ్గం మీదనుంచి లేవకుండానే ఎవరు కావాలని అడిగింది. టీబా శాన్ హిలారియో అనగానే అటూ ఇటూ ఆడుతున్న మగ్గం నాడె ఆగింది. అంబ్రోసియో కూతుర్ని అన్నాక ఆవిడ లేచి వచ్చి, టీబా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. అమ్మ గడ్డం ఇదే అంది.

సోలింగ్ అక్కడ నలభై ఏళ్లు బతికింది. ఐదుగురు పిల్లల్ని కంది, నేత నేర్చుకుంది, 1971లో జ్వరంతో పోయింది. జరిగిందంతా పాసింగ్ కూర్చోబెట్టి చెప్పింది. పోగులు కనపడలేదని దొరసాని మూడు రోజులు రాళ్లుప్పు మీద మోకాళ్లపై నిలబెట్టిందట. మూడో రోజు బట్టలు ఉతికి రమ్మని ఏటికి పంపారు. సోలింగ్ బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఒడ్డున ఉంచి, రేవు వైపు నడిచింది. చెరకు కొట్టడానికి ఆంతీకె నుంచి వచ్చిన కూలీలు పంట ముగిసి ఆ రోజే పడవ ఎక్కుతున్నారు. ఒక ముసలమ్మ తన టోపీ ఈమె నెత్తిన పెట్టి, నా కోడలు అని చెప్పి ఎక్కించింది. ఆ ముసలమ్మ కొడుకే క్రిస్పులో. ఆ మాట రెండేళ్లకి నిజమైంది.

టీబా అడగాల్సింది అడిగేసింది. "నాంగ్ పాసింగ్, ఏమీ అనుకోవద్దు. పోగులు అత్త తీసిందా?"

పాసింగ్ నవ్వింది. "తీసుంటే నేను రేకుల ఇల్లు చూడటానికి నలభై ఏళ్లు వచ్చేదాకా ఆగేదాన్నా?"

మరి కబురెందుకు పంపలేదని అడిగాను నేను. పంపిందట. నాలుగేళ్లు, ప్రతి పంటకీ వెళ్లే కూలీలతో పంపింది. తోటలో అలాంటి కుటుంబం లేదని తిరిగి కబురొచ్చేది. అప్పటికే వాళ్లని వెళ్లగొట్టారని ఆమెకి తెలియదు. నాలుగో ఏడు కూలీలు ఇంకో సంగతి మోసుకొచ్చారు. పెద్దింట్లో దొంగపిల్ల దయ్యమై తిరుగుతోందట, బావిలోంచి వస్తోందట. సోలింగ్ బియ్యం చెరుగుతూ విని, చేట పక్కన పెట్టి, "పోనీ, అది అక్కడ ఉంటే నన్ను ఎవరూ వెతకరు" అందట. అప్పటి నుంచి కబుర్లు మానేసింది. పిల్లలు అల్లరి చేస్తే, ఇంక నేను వెళ్లి ఆ మెట్ల మీద నిలబడతాను, మీరే వండుకోండి అని బెదిరించేదట.

పాసింగ్ ఇదంతా నవ్వుతూనే చెప్పింది. టీబా నవ్వలేదు. ఇన్నేళ్లూ ఏ దయ్యంతో పోట్లాడిందో అదే వాళ్ల అత్తకి కాపలా కాసింది. బస్టాండు వెనక మురుగు కాలవ పక్కన గడిపిన రోజులు ఆవిడ మనసులో మెదిలాయేమో, నేను అడగలేదు. సాయంత్రం ముగ్గురం సమాధుల దొడ్డికి వెళ్లాం. టీబా కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా అరచేయి అడ్డం పెట్టి నిలబడింది. వెనక్కి వస్తుంటే మాత్రం, తనలో తను తేల్చుకున్నట్టు అంది.

"ఆ దయ్యం అత్తకి అప్పుడు పనికొచ్చింది. ఇప్పుడు అక్కర్లేదు."

ఊరికి రాగానే బాప్తిస్మం పేజీకి ముద్ర వేసిన నకలు రాయించుకుని నెనీటాకి ఒకటి, రొదెల్యోకి ఒకటి ఇచ్చింది. నెనీటా అదే రోజు బుట్ట తీసేయించింది. రొదెల్యో మొహం ముడుచుకున్నాడు. దయ్యం లేదన్న ఇంటికి బస్సులు తగ్గాయి, నిజమే. రెండు నెలలు పోయాక పై అంతస్తులో తలలేని పాదిరీ ఒకడు నడుస్తున్నాడని వాడు కొత్త కథ మొదలుపెట్టాడు. నేను మండిపడ్డాను. టీబా పట్టించుకోలేదు. ఆ పాదిరీకి మేనకోడలు ఎవరైనా ఉంటే ఆవిడే వచ్చి చూసుకుంటుంది అంది.

ఊరంతా మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ బావి దగ్గర ఏదో ఉందనేవాళ్లు ఉన్నారు. కాకపోతే టీబా వినేచోట అనరు, దొంగ అన్న మాట అసలే అనరు.

ఆ డిసెంబరులో పాసింగ్ వచ్చింది. అమ్మ పనిచేసిన ఇల్లు చూడాలంది. నెనీటా స్వయంగా తాళం తీసింది. పాసింగ్ వంటిల్లు చూసింది, మెట్లు చూసింది, వంగి ఒక మెట్టుని చేత్తో రాసి చూసింది. అమ్మ ఎక్కడ పడుకునేదని అడిగింది. మెట్ల కింద చీపుర్లు పెట్టే అరలో అని నెనీటా నేల చూస్తూ చెప్పింది. పాసింగ్ లోపలికి వంగి, చాప పట్టే చోటు ఉందా అని కొలిచినట్టు అటూ ఇటూ చూసింది.

తర్వాత వరండాలో కూర్చున్నాక నెనీటా తనే నోరు విప్పింది. "నాకు ఆరేళ్లు అప్పుడు. నాకు తల దువ్వేది ఆవిడే. పోగులు ఏమయ్యాయో మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది."

పాసింగ్ ఆవిడ వైపు తిరిగింది. "గట్టిగా లాగేదా?" అంది.

"ఏంటి?"

"జుట్టు. మాకు దువ్వేటప్పుడు కళ్లలో నీళ్లొచ్చేలా లాగేది."

నెనీటా చెయ్యి తెల్లబడిన తన జుట్టు మీదికి వెళ్లింది. "అరిచేదాన్ని" అంది. "కదిలితే ఇంకా గట్టిగా లాగేది."

ఇద్దరు ముసలమ్మలూ ఒకేసారి నవ్వారు, నెనీటా అయితే నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. టీబా అప్పటికే లేచి నిలబడి పాసింగ్ సంచీ భుజానికి తగిలించుకుంది. పడవకి గంటే ఉంది, రేవు దాకా నడవాలి, మిగతాది ఉత్తరాల్లో రాసుకోండి అంటూ ఇద్దర్నీ లేవదీసింది.